పదమూడో నెల

నోటీసు నేనే అంటించాను,
డండీ ఆస్పత్రి లాండ్రీలో, టీ మెషీన్ పక్కన,
పోయిన చెవిపోగు కోసం ఎవరో రాసిన చీటీకీ
యూనియన్ వాళ్ల లాటరీ టికెట్లకీ మధ్య.
"సైకిలు తీసుకోండి. డబ్బు ఇప్పుడే కట్టక్కర్లేదు.
పన్నెండు నెలలు జీతంలో కొంచెం కొంచెం కోసుకుంటాం."
కోసుకుంటాం అన్న మాట దగ్గరే
సగం మంది చదవడం ఆపేశారని తర్వాత తెలిసింది.

జీతాల గుమస్తాని.
అంకెలతో కాపురం చేసీ చేసీ
మనుషులతో మాట్లాడినా
చివర్న గీత గీసి మొత్తం వేస్తాను.
బస్సుకింత, పెట్రోలుకింత, పార్కింగుకింత,
మిగిలేది ఇదిగో ఇంత, అని బల్లమీద రాసి చూపించాను.
డ్రయ్యర్ల దగ్గర ఫెర్గస్ నవ్వాడు:
"మా కొండకి నీ లెక్కలు రావమ్మా!"
నిజమే. ఈ ఊరు నదిలోంచి లేచి
నిలువునా నడుస్తుంది.
దిగడానికి పది నిమిషాలు, ఎక్కడానికో జన్మ.
ఆపైన వాన. వాన లేనినాడు అడ్డగాలి.
"హెల్మెట్ కింద నా జుట్టు గతేంటి?" అంది రోనా.
నా ఫారంలో దానికి గడి లేదు.

మూడు వారాలకి ఒక్క సంతకం.
సెంగా లోగీ. ఇస్త్రీ రోలర్ల మీద ఇరవై రెండేళ్లు.
మరక చూసి దుప్పటి ఏ వార్డుదో చెప్పేస్తుంది.
వయసు గడిలో యాభై ఎనిమిది.
"ఏ సైజు కావాలి?"
"పడబోతే కాళ్లు నేలకి అందేది," అంది.
తర్వాత గొంతు తగ్గించి,
"నాకసలు తొక్కడమే రాదు.
నలుగురు అన్నదమ్ములు, ఇంటికొకటే సైకిలు.
నా వంతు రాకముందే తుప్పు పట్టింది."

రాత్రి షిఫ్టు దిగాక
లారీలు సరుకు దించే పెరట్లో మొదలైంది బడి.
ఖాళీ ట్రాలీలు వరసగా నిలబెట్టి దారి కట్టారు.
మలుపులో చిరుగు దుప్పట్ల మూట, పడితే పడనీ అని.
పడింది. మూటకి అవతల పడింది.
ఆ తిట్టు విని మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుంది.
సీటు పట్టుకున్నది, నవ్విన ఫెర్గసే.
ఒక తెల్లవారుజామున ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి
అతను ఎక్కడో గేటు దగ్గర
తాపీగా సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు.

ఆమె ఇల్లు నదికి అవతల, న్యూపోర్టులో.
వంతెన నడుమ సన్నటి బాట,
రెండు పక్కలా కార్లు.
నవంబరులో ఒక పొద్దున
కదలని వరసలో కూర్చుని వేళ్లతో స్టీరింగ్ వాయిస్తుంటే
పసుపు కోటొకటి నన్ను దాటుకుని పోయింది,
మొహం ఎర్రగా, ముక్కు కారుతూ,
ఎవరిమీదో గెలిచినట్టు కాదు,
ఆలస్యమైపోతున్న మనిషిలాగే.
హారన్ కొడదామనుకున్నాను. అదిరిపడుతుందేమోనని ఊరుకున్నాను.

నెలనెలా ఆమె జీతం చీటీలో
ఆ ఒక్క వరుస నేనే వేసేదాన్ని.
పదమూడో నెల తీసేశాను.
మర్నాడే ఆఫీసు తలుపు దగ్గర సెంగా:
"ఏదో పొరపాటు. ఈసారి ఎక్కువొచ్చింది."
"బాకీ తీరిపోయింది. ఇవాళ్టినించి సైకిలు నీదే."
చీటీని దుప్పటిలా
మూలకి మూల కలిపి మడిచింది.
"మొదట్నించీ నాదే అనుకున్నానే!"

రోనా ఫారం పట్టుకెళ్లింది. తిరిగి ఇవ్వలేదు.
ఫెర్గస్ బ్యాటరీది వస్తుందా అనడుగుతున్నాడు,
కొండ కోసం కాదట, మోకాలి కోసమట.
నోటీసులో కోసుకుంటాం అన్నది కొట్టేసి
వేరే మాట వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

నా సొరుగులో ఒక ఫారం ఉంది.
ఉద్యోగి నంబరు, పేరు, విభాగం, అన్నీ నింపాను.
సంతకం దగ్గరే ఆగాను.
కాస్త గాలి తగ్గనీ అంటున్నాను.
ఈ ఊళ్లో గాలి ఎప్పుడు తగ్గింది గనక.